కలివికోడి వర్గీకరణ చరిత్ర: పేరు, ఆవాసం, బంధుత్వం

వ్యాససంగ్రహం:

దక్షిణ రాయలసీమ కొండల అంచున ఉన్న చిట్టడవుల్లో జీవించే కలివికోడికి శాస్త్రలోకం 1848లో తొలిసారి పేరు పెట్టింది. 1900 తరువాత అది కనబడలేదు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. ఈ కాలంలో దాని ప్రజాతి నామం మారింది. అది చెందిన కుటుంబానికి పక్షుల వంశవృక్షంలో ఉన్న స్థానం కూడా మారింది. ఈ మార్పులకు కారణమైన ఆధారాలను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. వర్గీకరణ అంటే పేర్ల పట్టిక మాత్రమే అనుకోవడం వల్ల అందులోని సూచనలు ఎలా మరుగున పడ్డాయో, స్థానికుల పరిజ్ఞానం ఆ లోటును ఎలా పూడ్చిందో ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: కలివికోడి, కోర్సర్లు, వర్గీకరణ, జెర్డన్, లంకమల, జీవపరిణామం, స్థానిక పరిజ్ఞానం.

1. ఉపోద్ఘాతం:

తిరుమల శేషాచలం కొండల నుంచి ఉత్తరంగా సాగే పర్వతశ్రేణులు పాలకొండలు, లంకమల, నల్లమలగా విస్తరించి ఉన్నాయి. వీటి నడుమ పెన్నానది ప్రవహిస్తుంది. ఆ నది ఒడ్డున ఉన్న సిద్ధవటానికి చేరువలో, లంకమల పాదంలో, రేగు, తుమ్మ, కలివి పొదలతో నిండిన పలుచని అడవి ఉంది. కలివికోడి ఆధునిక కాలంలో నిర్ధారణగా కనిపించిన ప్రదేశం ఇదే. దీని శాస్త్రీయ నామం రైనోప్టిలస్ బైటార్క్వేటస్. ఆంగ్లంలో దీన్ని జెర్డన్స్ కోర్సర్ అంటారు.

ఇది సుమారు 27 సెంటీమీటర్ల పొడవుండే పక్షి. పొడవైన కాళ్ళు, పెద్ద కళ్ళు, కంటిపైన తెల్లని చార, గొంతు మీద నారింజ వన్నె మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు దీని గుర్తులు. పగలు పొదల నీడలో కదలకుండా ఉండి, చీకటి పడ్డాక నేల మీద తిరుగుతూ పురుగులను ఏరుకుని తింటుంది. ఈ చివరి లక్షణం తెలియడానికి శాస్త్రానికి దాదాపు 140 సంవత్సరాలు పట్టింది. ఆ ఆలస్యానికి గల కారణాలు ఈ పక్షి వర్గీకరణ చరిత్రలో ఉన్నాయి.

2. పేరు పెట్టడంలో రెండు సంప్రదాయాలు:

తెలుగువారు పక్షులకు పెట్టుకున్న పేర్లలో ఒక క్రమం ఉంది. నేల మీద నడిచే పక్షి కోడి అవుతుంది, నల్లనిది కాకి అవుతుంది. నీటిలో మునిగి చేపలు పట్టే నల్లని పక్షి నీటికాకి. పొదల్లో మెలిగే ఎర్రరెక్కల నల్లపిట్ట జెముడుకాకి. శాస్త్రదృష్టిలో ఈ రెండింటికీ కాకితో దగ్గరి చుట్టరికం లేదు. జెముడుకాకి కోకిలల కుటుంబానికి చెందింది. అయితే ఈ పేర్లను తప్పులుగా భావించనవసరం లేదు. పక్షి ఎక్కడ ఉంటుంది, ఎలా మెలుగుతుంది అనే విషయాలను అవి భద్రపరుస్తాయి. కలివికోడి అనే పేరు కూడా అటువంటిదే. కలివి పొదల మధ్య నేల మీద నడిచే పక్షి అని అది చెబుతుంది. పక్షి ఆవాసమూ నడకా రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

ఐరోపా శాస్త్ర సంప్రదాయం తన తొలిదశలో ఇందుకు పెద్దగా భిన్నంగా లేదు. కోర్సర్లు ప్రాటిన్‌కోల్ పక్షులతో కలిసి గ్లారియోలిడే అనే ఒకే కుటుంబంగా ఉన్నాయి. ప్రాటిన్‌కోల్‌కు పొడవైన రెక్కలు, చీలిన తోక ఉంటాయి. అది గాలిలో ఎగురుతూ పురుగులను పట్టుకుంటుంది. ఈ పోలికను బట్టి లిన్నేయస్ 1766లో దానిని వానకోవెలల ప్రజాతిలో చేర్చి హిరుండో ప్రాటిన్‌కోలా అని పేరు పెట్టాడు. మన మెట్టభూముల్లో పగలు పరుగెత్తే ఇండియన్ కోర్సర్‌ను గ్మెలిన్ 1789లో ప్లోవర్ల ప్రజాతిలో చేర్చాడు. అతడు పెట్టిన కారడ్రియస్ కోరమండెలికస్ అనే పేరులో మన కోరమాండల్ తీరం ఉంది. ఒకే కుటుంబంలోని రెండు పక్షుల్లో ఒకటి వానకోవెలగా, మరొకటి ప్లోవర్‌గా గ్రంథాలకెక్కాయి. రూపాన్నీ ప్రవర్తననూ మాత్రమే చూసి బంధుత్వాన్ని నిర్ణయిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఈ కుటుంబం అసాధారణమైనదని పక్షిశాస్త్రజ్ఞులు అనడానికి కారణం కూడా ఇదే. దీనిలోని సగం పక్షులు గాలికి, సగం పక్షులు నేలకు అలవాటు పడ్డాయి.

3. జెర్డన్, బ్లైత్ - 1848 నుంచి 1864 వరకు:

థామస్ కావర్‌హిల్ జెర్డన్ (1811-1872) ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో వైద్యుడు. కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. తూర్పు కనుమల పక్షులను, జంతువులను సేకరించి వివరించిన తొలితరం పరిశోధకుల్లో అతడు ముఖ్యుడు. శేషాచలం కొండల్లో నేటికీ కనిపించే పసుపుగొంతు బుల్‌బుల్‌ను శాస్త్రానికి పరిచయం చేసింది కూడా అతడే.

జెర్డన్ ద్వారా తెలియవచ్చిన కొత్త పక్షిని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యూరేటర్ ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో మాక్రోటార్సియస్ బైటార్క్వేటస్ అనే పేరుతో ప్రకటించాడు. మొదటి పదం పొడవైన కాలిని, రెండవ పదం రెండు కంటెలను సూచిస్తాయి. మ్యూజియం బల్ల మీద ఉంచిన పక్షి చర్మంలో కనబడేవి ఈ రెండే. పేరులో అవే చేరాయి. తరువాత ఆ ప్రజాతి నామం నిలవలేదు. హ్యూ స్ట్రిక్లాండ్ ఏర్పరచిన రైనోప్టిలస్ ప్రజాతిలోకి ఈ పక్షి మారింది. 1842లో జంతునామాలకు నియమావళిని రూపొందించిన బృందానికి నాయకత్వం వహించినవాడు ఈ స్ట్రిక్లాండే.

రైనోప్టిలస్ ప్రజాతిలోని మిగిలిన పక్షులు ఆఫ్రికాకు చెందినవి. నేటి లెక్కలో వాటిలో రెండు జాతులు ఉన్నాయి. మొదటిది మూడు పట్టీల కోర్సర్, రెండవది కంచురెక్కల కోర్సర్. ఒకప్పుడు వీటితో కలిపి చెప్పిన రెండు పట్టీల ఆఫ్రికా కోర్సర్‌ను ఇప్పుడు స్మట్సార్నిస్ అనే వేరే ప్రజాతిగా పరిగణిస్తున్నారు. ఆ విధంగా చూస్తే ఆసియా ఖండం మొత్తంలో రైనోప్టిలస్ ప్రజాతికి ఉన్న ఏకైక ప్రతినిధి కలివికోడి.

జెర్డన్ తన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' గ్రంథంలో (1862-1864) ఈ పక్షికి తెలుగు పేరును కూడా నమోదు చేశాడు. రోమన్ లిపిలో అతడు రాసిన పేరును 'అడవి ఉత్తతిత్తి' అని చదువుకోవచ్చు. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి అని అతడే అర్థం ఇచ్చాడు. నెల్లూరుకు ఎగువన ఉన్న తూర్పు కనుమల్లోను, కడప ప్రాంతంలోను రాతినేలల పలుచని అడవుల్లో ఇది చిన్న గుంపులుగా ఉంటుందని, అప్పుడప్పుడు దీనంగా కూస్తుందని వివరించాడు. ఈ సమాచారం ప్రాధాన్యాన్ని గుర్తించాలి. తెలుగు పేరు, ఆవాసం, కూత అనే మూడు అంశాలూ ముద్రణలోకి వచ్చేశాయి. అయినా తరువాతి తరాలు ఈ గ్రంథం నుంచి తీసుకున్నవి ప్రధానంగా శాస్త్రీయ నామం, రూపవర్ణన మాత్రమే.

4. ఎనభై ఆరు సంవత్సరాల విరామం:

జెర్డన్ తరువాత ఈ పక్షిని చూసినవారు కొద్దిమందే. గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలం ప్రాంతాల్లో విలియం బ్లాన్‌ఫోర్డ్ దీనిని గుర్తించాడు. అనంతపురం సమీపంలో హోవర్డ్ కాంప్‌బెల్ 1900లో నమోదు చేసిన సమాచారం చివరిది. ఆ తరువాత 1986 వరకు ఈ పక్షి శాస్త్రజ్ఞుల కంటపడలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1970లలో చేయించిన అన్వేషణ కూడా ఫలించలేదు. ఇది అంతరించిపోయి ఉంటుందనే అభిప్రాయం బలపడింది.

ఇక్కడ ఒక తార్కికమైన ప్రశ్న తలెత్తుతుంది. కలివికోడిని రైనోప్టిలస్ ప్రజాతిలో చేర్చినవారు దానికి ఆఫ్రికాలోని మూడు పట్టీల కోర్సర్, కంచురెక్కల కోర్సర్ దగ్గరి బంధువులని ఒప్పుకున్నట్లే. ఆ రెండు పక్షులూ చెట్లు, ముళ్ళపొదలు ఉన్న భూముల్లో నివసిస్తూ ప్రధానంగా రాత్రివేళ సంచరించేవి. బంధువులు రాత్రించరులైతే ఇది కూడా రాత్రించరి కావచ్చుననే సూచన ఆ వర్గీకరణలోనే ఉంది. కాని మనకు బాగా పరిచయమైన కోర్సర్ మెట్టపొలాల్లో పట్టపగలు పరుగెత్తే ఇండియన్ కోర్సర్. అది కర్సోరియస్ అనే వేరే ప్రజాతికి చెందింది. కోర్సర్ అనగానే మనసులో మెదిలే బొమ్మ దానిదే. పగటివెలుగులో బయళ్ళను గాలించే పద్ధతికి కలివికోడి చిక్కే అవకాశం చాలా తక్కువ. ప్రజాతి నామం ఒక జోస్యం చెప్పింది. ఆ నామాన్ని చీటీగా వాడుకున్నంత కాలం అందులోని జోస్యం ఎవరికీ వినబడలేదు.

5. రెడ్డిపల్లె, 1986:

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఈ పక్షి కోసం తూర్పు కనుమల్లో తిరిగి అన్వేషణ చేపట్టారు. పక్షి చిత్రాన్ని పల్లెల్లో చూపించి విచారించడం ఆయన పద్ధతిలో ముఖ్యభాగం. కడప జిల్లా రెడ్డిపల్లె సమీపంలో ఒక స్థానిక పక్షివేటగాడు ఆ బొమ్మను గుర్తుపట్టాడు. రాత్రి దీపం వెలుగులో వేటాడే అలవాటున్న అతడు 1986 జనవరిలో ఒక పక్షిని సజీవంగా పట్టుకొచ్చాడు. ఆ విధంగా 86 సంవత్సరాల తరువాత కలివికోడి శాస్త్రం ముందుకు వచ్చింది. పట్టుబడిన ఆ పక్షి కొద్దికాలానికే మరణించింది. దాని దేహాన్ని బొంబాయిలోని సొసైటీ సేకరణలో భద్రపరిచారు.

ఈ సంఘటనను పునరావిష్కరణ అని పిలవడం పరిపాటి. ఈ పదాన్ని కొంత జాగ్రత్తగా వాడాలి. శాస్త్రజ్ఞులకు ఇది కనుమరుగైన కాలంలో కూడా వేటగాళ్ళకు తెలుసు. దాని పేరు వారి నోట నిలిచి ఉంది. అది రాత్రి తిరుగుతుందన్న సంగతి వారి వృత్తిలోనే ఇమిడి ఉంది. 1986లో జరిగింది రెండు విధాలైన జ్ఞానాలు ఒకచోట కలవడం. వాటిలో ఒకటి లాటిన్ పేరుతో, చర్మపు నమూనాలతో మ్యూజియంలో ఉండగా, రెండవది తెలుగు పేరుతో, దీపంతో అడవిలో ఉంది.

ఆ తరువాత 1988లో శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. 2000 తరువాత పి. జెగనాథన్, రైస్ గ్రీన్ తదితరులు మెత్తటి మట్టి పరిచిన పట్టీల మీద పాదముద్రలను, స్వయంచాలక కెమెరాలను ఆధారం చేసుకొని దీని ఉనికిని పరిశోధించారు. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్దపొదలు ఉన్న నేలల్లోనే ఇది ఎక్కువగా ఉంటుందని వారు నిరూపించారు. పొదలు బాగా దట్టమైనా, పూర్తిగా తొలగిపోయినా ఇది అక్కడ మనలేదు. సంధ్యవేళ, తెల్లవారుజామున వినిపించే దాని పొట్టి కూతను గుర్తించి 2004లో ప్రచురించారు. జెర్డన్ పలుచని అడవి అని రాసినదానికి ఇప్పుడు కొలత దొరికింది. అతడు దీనమైన కూత అని రాసినది ఇప్పుడు ధ్వనిముద్రణగా మారి, పక్షి ఉనికిని గుర్తించే సాధనమైంది.

6. అణు ఆధారాలు - మారిన చుట్టరికాలు:

జాతిస్థాయిలో ఈ పరిశోధన సాగుతుండగా, కుటుంబస్థాయిలో మరొక పెద్ద మార్పు వచ్చింది. కోర్సర్లు, ప్లోవర్లు, తీతువులు, గల్ పక్షులు మొదలైనవన్నీ కారడ్రిఫార్మిస్ అనే తీరపక్షుల క్రమానికి చెందినవి. నేల మీద పరుగెత్తే తీరు, పొడవైన కాళ్ళు చూసి కోర్సర్లకు ప్లోవర్లు, తీతువులే దగ్గరి చుట్టాలని చాలాకాలం భావించారు. జెర్డన్ గ్రంథంలో కలివికోడి ఆంగ్లనామం రెండు పట్టీల ప్లోవర్ కావడం ఈ భావనకు నిదర్శనం.

డి.ఎన్.ఎ. ఆధారాలు ఈ చిత్రాన్ని మార్చాయి. సిబ్లీ, ఆల్‌క్విస్ట్ 1990లో ప్రకటించిన డి.ఎన్.ఎ. సంకరణ ఫలితాలు కోర్సర్లను, ప్రాటిన్‌కోల్‌లను, సముద్రతీరాల్లో పీతలను తినే క్రాబ్ ప్లోవర్‌ను ఒక శాఖగా చూపాయి. 2000 తరువాత అలెన్ బేకర్ తదితరులు జన్యు క్రమాలను నేరుగా పోల్చి చేసిన అధ్యయనాలు ఈ క్రమాన్ని మూడు ప్రధాన శాఖలుగా స్థిరపరిచాయి. ప్లోవర్లు, తీతువులు ఒక శాఖలో ఉన్నాయి. ఉల్లంకి పిట్టల వంటివి రెండవ శాఖలో ఉన్నాయి. కోర్సర్ల కుటుంబం గల్, టెర్న్ పక్షులతో పాటు లారి అనే మూడవ శాఖలో చేరింది. పూర్వం కోర్సర్లలో ఒకటిగా లెక్కించిన ఈజిప్షియన్ ప్లోవర్‌కు ఈ కుటుంబంతో సంబంధం లేదని తేలి, దానికి ప్లూవియానిడే అనే ప్రత్యేక కుటుంబం ఏర్పడింది.

మన ప్రాంతానికి అన్వయించుకుంటే ఈ ఫలితం మరింత స్పష్టమవుతుంది. తిరుపతి జిల్లా అంచున పులికాట్ సరస్సు మీద ఎగిరే తెల్లని టెర్న్ పక్షులు, లంకమల పొదల కింద నక్కి ఉండే గోధుమరంగు కలివికోడి ఒకే శాఖలోని బంధువులు. చెరువుగట్టున కాళ్ళు సాచి పరుగెత్తే తీతువు రూపంలో దీనికి ఎంత దగ్గరగా ఉన్నా వంశంలో అంతకంటే దూరం. పొడవైన కాళ్ళూ పరుగూ ఒకే విధమైన జీవనం వల్ల వేర్వేరు శాఖల్లో ఏర్పడగల లక్షణాలు. లిన్నేయస్ ప్రాటిన్‌కోల్‌ను వానకోవెల అనడానికి, తరువాతివారు కోర్సర్‌ను ప్లోవర్ల చెంత ఉంచడానికి మూలకారణం ఒక్కటే. ఒకే జీవనవిధానం తెచ్చిన పోలికను ఉభయులూ రక్తసంబంధంగా భావించారు.

7. ఆఫ్రికా బంధువులు దక్కన్‌కు వచ్చిన దారి:

దగ్గరి బంధువులంతా ఆఫ్రికాలో ఉండగా కలివికోడి ఒక్కటే తూర్పు కనుమల్లో ఎందుకుంది? ఈ ప్రాంత భూవిజ్ఞానం తెలిసినవారికి గోండ్వానా ఖండం వెంటనే స్ఫురిస్తుంది. తిరుమల ఘాట్‌రోడ్డులో ప్రాచీన గ్రానైట్ శిలలపై క్వార్ట్‌జైట్ పొరలు ఆనిన ఎపార్కియన్ అసమవిన్యాసం జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రసిద్ధం. ఇంతటి పురాతన భూమి మీద ఉన్న పక్షి కూడా ఖండాలు విడిపోయిన నాటిదై ఉంటుందని అనుకోవడం సహజం. కాని కాలపరిమాణం ఇందుకు అంగీకరించదు. భారత భూభాగం ఆఫ్రికా నుంచి విడివడి 15 కోట్ల సంవత్సరాలు దాటింది. ఏ పక్షి ప్రజాతి కూడా అంత ప్రాచీనమైనది కాదు. శిల వయస్సును పక్షికి ఆపాదించడం కుదరదు.

భూమార్గం ద్వారా విస్తరణ ఇంతకంటే యుక్తమైన వివరణ. అరేబియా, ఇరాన్, సింధు ప్రాంతాల మీదుగా ఎండుభూముల పట్టీ ఒకటి ఆఫ్రికాను భారతదేశంతో కలుపుతోంది. ఉత్తర ఆఫ్రికా నుంచి థార్ ఎడారి వరకు కనిపించే క్రీమ్‌రంగు కోర్సర్ ఆ దారికి సజీవసాక్ష్యం. ఆఫ్రికాలోను, మన కొండల్లోను ఒకే జాతిగా నివసిస్తున్న రాటెల్ అనే జంతువు మరొక సాక్ష్యం. ముళ్ళపొదల అడవి ఆ పట్టీలో అవిచ్ఛిన్నంగా ఉన్న యుగంలో రైనోప్టిలస్ పూర్వీకులు ఇటు విస్తరించి, మధ్యభాగం ఎడారిగా మారాక ఇక్కడ విడిగా మిగిలి ఉంటారని భావించవచ్చు. అప్పుడు కలివికోడి రాయలసీమ పొదల అడవి చరిత్రకే ఒక పత్రం అవుతుంది. నరికివేత వల్ల మాత్రమే ఏర్పడిన బంజరుగా మనం తరచు చూసే ఈ నేలకు తనదైన జీవసంపద, తనదైన ప్రాచీనత ఉన్నాయని అది సూచిస్తుంది.

8. కోలార్ గుడ్డు:

ఈ చరిత్రలో చిత్తూరు సరిహద్దును తాకే ఒక ఆధారం ఇటీవల వెలుగులోకి వచ్చింది. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర మ్యూజియంలో ఉన్న ఒక గుడ్డు కలివికోడిదేనని ఆలన్ నాక్స్ 2013లో ప్రకటించాడు. దానిని 1917లో కోలార్ బంగారుగనుల ప్రాంతంలో పశువైద్యుడు ఎర్నెస్ట్ గిల్బర్ట్ మీటన్ సేకరించాడు. గుడ్డు నుంచి తీసిన డి.ఎన్.ఎ.ను మ్యూజియంలోని పాత చర్మపు నమూనాల డి.ఎన్.ఎ.తో పోల్చి నిర్ధారించారు. ఈ జాతికి చెందిన గుడ్డు శాస్త్రానికి తెలియడం ఇదే మొదటిసారి.

దీనివల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. పక్షి కనుమరుగైందని అనుకున్న కాలంలోనే అది కోలార్ ప్రాంతంలో గుడ్లు పెడుతోంది. రెండవది, దాని పూర్వవ్యాప్తి అనుకున్నదానికంటే నైరుతిగా సాగింది. కోలార్, కడప, అనంతపురం, నెల్లూరు ఎగువ కొండలు అనే నాలుగు బిందువులను పటంపై గుర్తిస్తే కుప్పం, పలమనేరు, మదనపల్లె ప్రాంతాలు వాటి నడుమ లేదా వాటికి చేరువలో ఉంటాయి. ఈ ప్రాంతాల్లో మిగిలిన పొదల అడవులను రాత్రివేళ కూత ఆధారంగా పరిశీలించడం, పశుకాపరుల, వేటవృత్తి కుటుంబాల వృద్ధుల నుంచి పక్షి పేర్లను సేకరించడం దక్షిణ రాయలసీమ విశ్వవిద్యాలయాల్లోని జంతుశాస్త్ర, తెలుగు శాఖలు ఉమ్మడిగా చేపట్టదగిన పని. జెర్డన్ రాసిన ఉత్తతిత్తి వంటి పదం ఏ మండలంలోనైనా వాడుకలో ఉంటే అది భాషకు ఎంత విలువైనదో జీవశాస్త్రానికీ అంతే విలువైనది.

9. ముగింపు:

ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం కలివికోడిని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు దీని ఆవాసాన్ని దెబ్బతీసిన తరువాత కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చింది. అటువంటి నిర్ణయాలు తీసుకునే సమయంలో వర్గీకరణ ఎంతో అవసరమైన సాక్ష్యం. ఇది తీతువుల వంటి మరొక పక్షి మాత్రమే అయితే, దాని నష్టం ఒక జాతి నష్టం. ఆసియాలో ఒక ప్రజాతికి మిగిలిన ఏకైక శాఖ అయినప్పుడు, దాని నష్టం ఒక ఖండం నుంచి ఒక వంశం తొలగిపోవడం.

1848 నుంచి నేటివరకు పక్షి మారలేదు. ఆధారంగా మనం అంగీకరించినవి మారాయి. మొదట చర్మం, తరువాత వేటగాడి మాట, ఆపై పాదముద్ర, కూత, చివరకు గుడ్డుపెంకులోని డి.ఎన్.ఎ. సాక్ష్యాలయ్యాయి. వీటిలో ఏ ఒక్కటీ మిగిలినవాటిని రద్దు చేయలేదు. డి.ఎన్.ఎ. చెప్పిన దూరపు చుట్టరికం పక్షి ఎక్కడ ఉందో చూపలేదు. కలివి పొదను పేరులో నిలుపుకున్న తెలుగు మాట దాని వంశాన్ని చెప్పలేదు. రెండింటినీ కలిపి చదివినప్పుడే ఈ పక్షి చరిత్ర పూర్తవుతుంది. తెలుగు ప్రాంతాల జీవజాతుల పేర్లను శాస్త్రీయ నామాలతో సమానమైన ప్రమాణంగా సేకరించి పరిశీలించవలసిన అవసరాన్ని కలివికోడి వర్గీకరణ చరిత్ర నిరూపిస్తోంది.